మడతపేచీ

షెట్లాండ్‌లో మా యెల్ దీవికి చలికాలం
మధ్యాహ్నం మూడింటికే చీకటి.
మంగళవారాలు మాత్రం ఊరి హాల్లో దీపం ఉంటుంది.
తలుపు తోయాలంటే ముందు గాలిని ఒప్పించాలి.
లోపల పొడవాటి బల్ల, దానిమీద
ఎవరికీ అక్కర్లేనివన్నీ మాకు కావలసినవే:
కాలం చెల్లిన ఆటుపోట్ల పట్టికలు,
చాక్లెట్ల వెండిరేకులు, ఖాళీ విత్తనాల కవర్లు,
నీటికింది రాళ్లన్నీ గుర్తుపెట్టుకున్న సముద్రపటం ఒకటి.
ఓస్లా దాన్ని జాలి లేకుండా సీతాకోకలుగా కత్తిరిస్తుంది.
ఏడు బారల లోతు ఒక రెక్క మీద,
పన్నెండు బారలు ఇంకో రెక్క మీద.

జెస్సిమీనా కీర్తనల పుస్తకానికి కత్తి తగలనివ్వదు.
"ఎలుక ఎప్పుడో కొరికిందిగా" అంటే
"ఎలుకకి చదవడం రాదు, నీకొచ్చు" అంటుంది.
చివరికి ఆ కొరికిన అంచుల వెంటే
మూడు వారాలు బంగారురంగు పూసింది తనే,
పంటిగాట్లు తీరరేఖలా మెరిసేదాకా.

నేను పగలు తపాలా కిటికీ వెనక కూర్చుంటాను.
ఏ కార్డు ఎంత బరువో చేత్తోనే చెప్పగలను.
గుండీలు కుడితే అదనపు స్టాంపు పడుతుందని
ఇక్కడ హెచ్చరించేదీ నేనే,
అక్కడ వసూలు చేసి తిట్లు తినేదీ నేనే.

లౌరీ మొదట వచ్చింది హీటరు కోసం.
ముప్ఫై ఏళ్లు ఫెర్రీ ఇంజిన్ గదిలో గడిపిన మనిషి,
వేళ్లు తడిసిన తాడుల్లా ఉంటాయి.
నెల్లాళ్లు మా టీ తాగి, ఒకరోజు గొంతు సవరించుకుని
"లాగితే కదిలేది ఒకటి చెయ్యాలి" అన్నాడు.
పుట్టినరోజుకా? కాదు.
పరామర్శకా? ఊహూ.
"దానికి కొట్లో కార్డు అమ్మరు."

ఎదురు దీవి ఫెట్లార్‌లో అతని తమ్ముడు ఎర్టీ.
ఇరవై అయిదు నిమిషాల నీటిదారి.
తండ్రి పడవ పంపకంలో మొదలైన మడతపేచీ
పదకొండేళ్లయినా విప్పుకోలేదు.
పడవ కుళ్లిపోయింది, పేచీ కుళ్లలేదు.
రాత్రి ఒకరి వంటింటి దీపం ఇంకొకరికి కనిపిస్తుంది,
ముందు ఎవరు ఆర్పుతారన్నదీ పంతమే.

కార్డు లోపల సముద్రం, ఓస్లా పటంలో మిగిలిన ముక్క.
కోసిన చీలికలో పడవ.
అట్టముక్క లాగితే ఈ దరినుంచి ఆ దరికి వెళ్లాలి.
వెళ్లలేదు. నడిమధ్య ఇరుక్కుంది.
ఏనుగంత ఇంజిన్లు విప్పి బిగించినవాడికి
ఆ వేలెడు పడవ దగ్గర చెమటలు పట్టాయి.
ఒకరు మైనం రాయమన్నారు, ఒకరు మళ్లీ కొయ్యమన్నారు.
జెస్సిమీనా కళ్లద్దాల పైనుంచి చూసి
"అలాగే పంపించు. ఉన్న సంగతి అదేగా" అంది.
ఒక్క అక్షరం రాయకుండా కవరు అంటించాడు.
మర్నాడు నేనే తూచాను. బరువెక్కువే.
స్టాంపు నా జేబులోంచి.

తర్వాత తుఫాను. తొమ్మిది రోజులు ఫెర్రీ కదల్లేదు.
ఫిబ్రవరిలో ఒక మంగళవారం,
గడ్డకట్టిన జిగురు మూతతో నేను కుస్తీ పడుతుంటే,
లౌరీ కోటు లోపలి జేబులోంచి అదే కార్డు తీశాడు.
తిప్పి కొట్టాడా, అని ఎవరూ పైకి అనలేదు.
బల్ల మీద పెట్టి, అట్టముక్క పట్టుకుని లాగాడు.

పడవ వెళ్లింది.

చీలిక అంచులు గరుకుకాగితంతో నున్నగా రుద్ది ఉన్నాయి.
పడవ అడుగున, మాలో ఎవరికీ తట్టని చోట,
వలదారం పోగు ఒకటి, చిన్న ముడితో.
"ఆ ముడి నాన్నది" అన్నాడు.
అక్షరం మాత్రం ఆ వైపునుంచీ లేదు.

ఓస్లా లాగింది. నేను లాగాను. జెస్సిమీనా రెండుసార్లు.
అప్పుడు తెలిసింది, ఆ దరికి జారినంత సులువుగా
ఈ దరికి రావడంలేదు, తోస్తే పట్టేస్తోంది.

లౌరీ అప్పటికే దీపం దగ్గరికి లాక్కున్నాడు,
సన్నకత్తి అందుకున్నాడు.
"వీడెప్పుడూ ఇంతే," అన్నాడు,
"సగం పనే చేస్తాడు."